రూలు మారింది తమ్ముడూ

పెద్దల్లుడికి తాగుడు లేదు, పేకాట లేదు, కోపం అసలే లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. నోరు తెరిస్తే "రూలు మారింది" అంటాడు.

ఆయన ఉద్యోగం విమానాశ్రయంలో. ప్రయాణికుల టికెట్టు చూసి, సామాను తూచి, లోపలికి పంపించే కౌంటరు ఆయనది. విమానాల రూల్సు సంగతి తెలిసిందే కదా, చొక్కాలు మార్చినట్టు మారుస్తుంటారు. నిన్న బూట్లు విప్పమన్నవాళ్లు ఇవాళ విప్పొద్దంటారు. నిన్న పెట్టెలో పెట్టమన్న వస్తువుని ఇవాళ చేత్తో పట్టుకోమంటారు, రేపు ఇంట్లోనే వదిలేసి రమ్మంటారు. మార్పు వచ్చినప్పుడల్లా ఒక సర్క్యులర్ వస్తుంది. అది చదివి మిగతా ఉద్యోగులు తలలు పట్టుకుంటారు. పెద్దల్లుడు మాత్రం మురిసిపోతాడు. సాయంత్రం ఇంటికొచ్చి ముందుగా ఇంట్లోవాళ్ల మీద అమలు చేసి చూసుకుంటాడు. అందుకే చుట్టాలందరూ కలిసి ఆయనకి సర్క్యులర్ అని పేరు పెట్టేశారు. ఆయన దానికీ మురిసిపోయాడు.

ఆదివారం పూట అందరూ అత్తగారింట్లో కలుస్తారు. గుమ్మంలో సర్క్యులర్ గరిటె పట్టుకుని నిలబడతాడు. పిల్లలు వరసగా వచ్చి చేతులు పైకెత్తుతారు. ఆయన గరిటె వాళ్ల చుట్టూ తిప్పి నోటితో "కీ... కీ..." మంటాడు. పిల్లలు నేలమీద పడి దొర్లుతూ నవ్వుతారు. ఒకసారి చిన్నల్లుడు కూరగాయల సంచీతో వస్తే, సర్క్యులర్ దాన్ని చిటికెన వేలితో ఎత్తి చూశాడు.

"బరువెక్కువుంది తమ్ముడూ. గుమ్మడికాయ తీసెయ్యాలి."

"పోయిన వారం ఇంతకంటే పెద్ద సంచీ తెచ్చాను. అప్పుడేమీ అనలేదే?"

"అది పోయిన వారం. రూలు మారింది."

అందరూ పగలబడి నవ్వారు. గుమ్మడికాయ గుమ్మం బయటే ఉండిపోయింది. చిన్నల్లుడూ నవ్వాడు గానీ ఆ నవ్వు పళ్ల దగ్గరే ఆగిపోయింది.

ఎందుకంటే ఇంటిల్లిపాదికీ సర్క్యులర్ అంటే ప్రాణం, ఒక్క చిన్నల్లుడికి తప్ప. చిన్నల్లుడికి కళ్లద్దాల షాపుంది. ఆ ఇంట్లో చూపు మందగించిన ప్రతి ఒక్కరి ముక్కు మీదా ఉన్నవి అతను చేసిచ్చిన అద్దాలే. ఆ మాట ఎవరూ ఎత్తరు. కిటికీ పక్కన గాలి తగిలే కుర్చీ సర్క్యులర్‌ది. పొగలు కక్కే మొదటి కాఫీ కప్పు సర్క్యులర్‌ది. ఆఖరికి కట్టుకున్న భార్య కూడా "ఉండండి, బావగారిని అడిగి చెప్తా" అంటుంది, అది గొడుగు కొనే విషయమైనా సరే. ఇక అత్తగారైతే, చిన్నల్లుడు చేసిచ్చిన అద్దాల్లోంచి పెద్దల్లుడి గొప్పతనం చూస్తూ కూర్చుంటుంది. అది తలుచుకుంటే చాలు, చిన్నల్లుడికి కడుపులో మంట మొదలయ్యేది.

అత్తగారు మొదటిసారి విమానమెక్కినప్పుడు సర్క్యులర్ ఏం చేశాడో చూడండి. కౌంటరు దగ్గర, పదిమంది చూస్తుండగా, సొంత అత్తగారి చేతిసంచీ విప్పించి తలనూనె సీసా బయటికి తీశాడు. "ఇంత పెద్ద సీసా కుదరదు అత్తయ్యగారూ. రూలు మారింది" అన్నాడు. ఆవిడ కోప్పడిందా? లేదు. తిరిగొచ్చాక ఆ సంగతే వీధంతా చెప్పుకుంది. "మా పెద్దల్లుడు అబద్ధమాడడమ్మా. సొంత మనిషని కూడా చూడడు!" చిన్నల్లుడు అది విని పళ్లు నూరాడు. తనే గనక ఆవిడ నూనె సీసా లాక్కుని ఉంటే ఈపాటికి ఆ గుమ్మం తొక్కనిచ్చేవాళ్లు కాదు.

ఇక్కడ ఇంకో ముక్క చెప్పుకోవాలి. చిన్నల్లుడికి ఎత్తంటే భయమని ఎవరైనా అనుకుంటారేమో. అబ్బే, అదేం లేదు. ఎత్తైన చోట్ల అతనికి పనుండదు, అంతే. షాపులో పై అరలన్నీ ఖాళీగా ఉంటాయి. అదేమంటే అలంకరణలో అదొక పద్ధతి అంటాడు. ఒకసారి కుటుంబమంతా ఊళ్లో కొత్తగా కట్టిన పెద్ద షాపింగ్ భవనం చూడ్డానికి వెళ్లారు. అక్కడ అద్దాల లిఫ్టు. పై అంతస్తుకి చేరేసరికి చిన్నల్లుడు కళ్లు మూసుకుని, లిఫ్టు నడిపే మనిషి చొక్కా గుప్పిట్లో పట్టుకుని ఉన్నాడు. కిందికి వచ్చేటప్పుడు, "మీరు లిఫ్టులో రండి. నన్ను నడవమని డాక్టరు చెప్పాడు" అన్నాడు.

"ఏ డాక్టరు? ఎప్పుడు?" అంది భార్య.

సర్క్యులర్ మధ్యలో దూరాడు. "లిఫ్టు రూలు మారిందమ్మా. ఇంతమంది ఎక్కకూడదు. మేమిద్దరం మెట్ల మీద వస్తాంలే" అన్నాడు.

అన్నమాట ప్రకారం మెట్లన్నీ అతనితో పాటు దిగాడు. దిగినంతసేపూ చేతిసామాను కొలతలు చెబుతూనే ఉన్నాడు. చివరికి లిఫ్టులో కూడా ఈయనదే పెత్తనమా అని చిన్నల్లుడు లోలోపల ఉడికిపోయాడు.

ఆ తర్వాత బావమరిది పెళ్లి వచ్చింది. పెళ్లి ఎక్కడో దూరపు ఊళ్లో, అందరికీ విమానం టికెట్లు. ప్రయాణానికి ముందు సర్క్యులర్ వచ్చి, "తమ్ముడూ, ఈమధ్య పంటికి సిమెంటు పెట్టించుకున్నావు కదా?" అని అడిగాడు.

"అయితే?"

"రూలు మారింది. పచ్చి సిమెంటు పన్నుతో పైకి పోకూడదట. నువ్వు రైల్లో రావాల్సిందే."

బావమరిదికి బిడ్డ పుట్టినప్పుడు మరో రూలొచ్చింది. అత్తగారు మనవడికని చేయించిన ఉయ్యాల విమానంలో పట్టదట. దాంతో పాటు రైల్లో బాధ్యత తెలిసిన మగమనిషి ఒకరు వెళ్లాలట. "అంతటి బాధ్యత నీకు తప్ప ఇంకెవరికి ఇస్తాం తమ్ముడూ?" అన్నాడు సర్క్యులర్. రెండుసార్లూ చిన్నల్లుడు స్టేషనుకి మొహం మాడ్చుకునే వెళ్లాడు. నలుగురిలో కలవనివ్వకుండా ఎంత తెలివిగా పక్కకి తోసేశాడో చూశావా అని రెండోసారి ఉయ్యాలతో మొర పెట్టుకున్నాడు. తర్వాత బెర్తు మీద హాయిగా నిద్రపోయాడు. కింది బెర్తు లెండి.

ఇలా ఉండగా అత్తగారి కంట్లో పొర వచ్చింది. బావమరిది ఉన్న ఊళ్లో మంచి డాక్టరున్నాడు, ఆపరేషనుకి రోజు కూడా ఇచ్చేశారు. రైలు ప్రయాణం ఆవిడ నడుముకి పడదు. ఆదివారం అందరూ కూర్చున్నప్పుడు ఆవిడ గొంతు సవరించుకుంది.

"నాకు లోపల గాభరాగా ఉంది. కళ్ల సంగతి తెలిసినవారు మీరు బాబూ. ఈసారి విమానంలో నా పక్కన మీరే కూర్చోవాలి."

ఆవిడ చూస్తున్నది చిన్నల్లుడి వైపు! పొరపాటున కాదు గదా అని అతను వెనక్కి తిరిగి చూసుకున్నాడు. వెనక గోడ తప్ప ఎవరూ లేరు. ఇన్నేళ్లకి, ఈ ఇంట్లో, ఆ కిటికీ కుర్చీని దాటి, తన పేరు ముందు పలికారు. అతని ఛాతీ రెండంగుళాలు పొంగింది. ఆ వెంటనే విమానం గుర్తొచ్చి ఒక అంగుళం తగ్గింది.

సర్క్యులర్ దగ్గాడు. పైకప్పు వైపు చూస్తూ అన్నాడు. "అదీ... రూలు మారింది అత్తయ్యగారూ. కంటి ఆపరేషనుకి వెళ్లే పేషెంటూ, కళ్లద్దాల షాపు వాళ్లూ ఒకే విమానంలో వెళ్లకూడదట."

"ఎందుకట?"

"వ్యాపారం చేసుకుంటారని అనుమానం."

చిన్నల్లుడు దిగ్గున లేచాడు. ఇన్నాళ్లూ దిగమింగుకున్నదంతా ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. "చాలు అన్నయ్యా! మీకు తప్ప ఈ ఇంట్లో ఇంకెవరికీ మంచి పేరు రాకూడదు, అంతే కదా? ఆ రూలు ఉందో లేదో నేనే కనుక్కుంటా. లేకపోతే ఆ మాట ఇదే చోట, అందరి ముందూ చెప్తా!"



మర్నాడు సర్క్యులర్‌కి సెలవు. అది చూసుకునే చిన్నల్లుడు విమానాశ్రయానికి వెళ్లాడు. కౌంటర్లో ఒకమ్మాయి ఉంది. అతను సర్క్యులర్‌కి తోడల్లుడినని చెప్పుకుని రూలు గురించి అడిగాడు.

"అలాంటి రూలు లేదండీ."

"నిన్న వచ్చిందేమో?"

"నిన్నా లేదు, మొన్నా లేదు."

"మరి పంటి సిమెంటు రూలు? ఉయ్యాల రూలు?"

"ఉయ్యాలా?" ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. "ఎవరో మిమ్మల్ని ఆటపట్టించారండీ. మీ అన్నయ్యగారినే అడగండి. రూలు విషయంలో ఆయన నోట తప్పు మాట రాదు. మొన్న మా మేనేజరు తన పెట్టె బరువు తక్కువ రాయమని బతిమాలితే కూడా ఒప్పుకోలేదు, పెట్టె దింపించారు."

దొరికాడు దొంగ! చిన్నల్లుడికి ఆనందంతో ఒళ్లు తేలిపోయింది. అబద్ధమాడని పెద్దల్లుడు మూడు అబద్ధాలాడాడు. ఇవాళ సాయంత్రం కిటికీ కుర్చీ ఖాళీ అవుతుంది. గబగబా బయటికి వచ్చేసరికి నెత్తి మీదుగా ఓ విమానం పైకి లేచింది. తలెత్తి చూశాడు. అది నిట్టనిలువుగా, ఇంకా పైకి, ఇంకా పైకి పోతోంది. రూలు లేకపోతే రేపు అందులో ఉండేది తనే. పక్కనున్న సామాను బండి పట్టుకుని నిలబడ్డాడు. చెమటలు కారిపోతున్నాయి.

బండి పట్టుకుని అలా నిలబడ్డప్పుడే అద్దాల లిఫ్టు గుర్తొచ్చింది. ఆ రోజు లిఫ్టు సగం ఖాళీగానే ఉంది. సర్క్యులర్‌కి మోకాళ్ల నొప్పులు. అయినా అన్ని మెట్లూ దిగాడు.

సొంత అత్తగారి నూనె సీసా వదలని మనిషి, మేనేజరు పెట్టె వదలని మనిషి, ప్రపంచంలో ఒక్కరి కోసమే దొంగ రూల్సు పుట్టించాడు. భార్య ముందు, అత్తగారి ముందు తను తల వంచుకోకుండా ఉండాలని. తనేమో ఆ మనిషి మీద ఇన్నేళ్లు ఏడ్చాడు. చిన్నల్లుడికి సిగ్గేసింది. ఆయన మీద ప్రేమ కూడా పొంగింది. దాని వెనకే కొత్తగా మరో అసూయ బయల్దేరింది. మంచితనంలో కూడా ఆయనే ముందుండాలా?

సాయంత్రం అందరూ ఎదురుచూస్తున్నారు. సర్క్యులర్ కిటికీ కుర్చీలో కాదు, ఎందుకో మూలనున్న స్టూలు మీద కూర్చున్నాడు. కాఫీ ముట్టుకోలేదు.

"ఏమన్నారు బాబూ? రూలు ఉందా, లేదా?" అని అడిగింది అత్తగారు.

చిన్నల్లుడు సర్క్యులర్ వైపు చూశాడు. ఆయన పైకప్పు వైపు చూస్తున్నాడు.

"ఉంది అత్తయ్యగారూ. అన్నయ్య చెప్పింది నిజమే." ఒక్క క్షణం ఆగాడు. "కానీ రూలు మారింది."

సర్క్యులర్ ఉలిక్కిపడ్డాడు. తనకి తెలియకుండా రూలు మారడం ఆయన జీవితంలో అదే మొదలు. "ఎప్పుడు?"

"ఇవాళే. కళ్లద్దాల వాళ్లు వెళ్లొచ్చట. కాకపోతే, తోడల్లుడు పక్క సీట్లో ఉండాలట."

సర్క్యులర్ చాలాసేపు అతని మొహం చూశాడు. తర్వాత తల పంకించాడు. "అవునవును. అలాంటిదేదో రావాల్సి ఉంది" అంటూ చల్లారిన కాఫీ తీసుకున్నాడు.

ప్రయాణం రోజు కిటికీ పక్కన అత్తగారు, మధ్యలో చిన్నల్లుడు, ఇటు సర్క్యులర్ కూర్చున్నారు. విమానం కదలగానే చిన్నల్లుడి పెదాలు తెల్లబడ్డాయి.

"కొత్త రూల్లో ఇంకో లైనుంది తమ్ముడూ. నువ్వు సరిగ్గా చూసుకున్నట్టు లేదు" అన్నాడు సర్క్యులర్ మెల్లగా.

"ఏంటది?"

"పైకి లేచేటప్పుడు మధ్య సీటు వాళ్లు పక్కవాళ్ల చెయ్యి పట్టుకోవాలి. తప్పనిసరి."

చిన్నల్లుడు రూలు పాటించాడు. ఎంత గట్టిగా పాటించాడంటే సర్క్యులర్ ఉంగరం చర్మంలోకి దిగిపోయింది. ఆయన కిక్కురుమనలేదు.

"బాబూ, బయటంతా తెల్లగా కనిపిస్తోంది. మబ్బులా, నా కంట్లో పొరా?" అని అడిగింది అత్తగారు.

"మబ్బులే అత్తయ్యగారూ" అన్నాడు కళ్ల సంగతి తెలిసిన చిన్నల్లుడు, కళ్లు రెండూ గట్టిగా మూసుకుని.

ఆవిడ అతని వైపు తిరిగి, మసక చూపుతో తేరిపార చూసి, మురిసిపోయింది. "చూశారా పెద్దల్లుడుగారూ, మా చిన్నల్లుడు ఎంత నిబ్బరంగా కూర్చున్నారో! ఈయన పక్కనుంటే నాకు ధైర్యంగా ఉంది."

"నాకూ అంతే అత్తయ్యగారూ" అన్నాడు సర్క్యులర్, వాచిన వేళ్లు కదపకుండా.

ఎన్నేళ్లుగానో ఆ మెప్పు కోసం చిన్నల్లుడు కుళ్లిపోయాడు. తీరా అది అందిన క్షణంలో కళ్లు తెరిచి చూసుకునే వీల్లేకపోయింది. విమానం కుదుటపడ్డాక ఒక కన్ను కొద్దిగా తెరిచి, సర్క్యులర్ చెవిలో అడిగాడు.

"అన్నయ్యా, తిరుగు ప్రయాణానికి రూలేంటి?"

"ఇంకా రాలేదు తమ్ముడూ. కిందికి దిగాక నీ మొహం చూసి రాస్తారట."