గోడల కోడలి మూడు టేకులు

మా ఎదురింటి కోడలిని వీధంతా గోడల కోడలు అంటుంది. కంప్యూటర్‌లో భవనాల నక్షాలు గీస్తుంది మరి. ఇటుక మీద ఇటుక పెట్టని మనిషి ఇన్ని గోడలు ఎలా లేపుతుందో చూడకపోతే నాకు అన్నం సహించదు. అందుకే కూరగాయలు తరిగే పీట ఆమె కూర్చుని పనిచేసే వాళ్ల ముందుగదిలోనే వేసుకుంటాను. వాళ్ల అత్తగారు కూడా "ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నా" అంటూ తలుపు తీసి తన పనిమీద లోపలికి పోతుంది.

ఇంతకాలం ఇంకొకరు చెప్పినట్టు గీసిన ఈ పిల్లకు, తానే పెద్దగా ఉండి చేయించే పని మొదటిసారి వచ్చింది. అది ఒక లైబ్రరీ భవనం. గోడలూ తలుపులూ తన ఫైలులో, మెట్లు ఆఫీసులో ఒక కుర్రవాడి ఫైలులో, బల్లలూ కుర్చీలూ ఇంకో అమ్మాయి ఫైలులో. వాళ్ల ఫైళ్లు రెండింటినీ తన ఫైలుకు లింకు చేసి మొత్తం భవనాన్ని చూపిస్తుంది. ఆ రోజు మధ్యాహ్నమే లైబ్రరీ కమిటీ దాన్ని చూడాలి. నచ్చకపోతే పని వేరే ఆఫీసుకు పోతుంది.

నేను వెళ్లేసరికి తెరకేసి చూస్తూ పెదవి కొరుకుతోంది. తలుపులు ఎర్రగా ఉన్నాయి. మెట్లు ప్లాస్టిక్‌లా నిగనిగలాడుతున్నాయి. బల్లల మీద చెక్క గీతలు అడ్డదిడ్డంగా పోతున్నాయి.

"ఇదేం చెక్కే?"

"టేకు."

"మరి అదో?"

"అదీ టేకే. ముగ్గురమూ ఆ పేరే పెట్టుకున్నాం."

"పేరొకటైతే రంగులు మూడేమిటి?"

"వీధిలో నిలబడి పెద్దమ్మా అని కేకేస్తే ఎంతమంది వస్తారు?"

"ముగ్గురం. ముందు నేనే."

"ఇదీ అంతే పెద్దమ్మా."

ఇంతలో ఆఫీసు పెద్ద ఫోన్‌లో దిగాడు. "టైం లేదమ్మా. బొమ్మ మీదే రంగు దిద్దెయ్. ఎవరికి తెలుస్తుంది?"

"ఇంకో వైపు నుంచి చూపించమంటే సార్?"

"అడగరులే."

"అడుగుతారు. నేనైతే అడుగుతాను."

ఫోన్ పెట్టేసి ఒక ఖాళీ ఫైలు తెరిచింది. అందులో టేకును ఒక్కసారే తయారుచేసింది: రంగు ఇంత, మెరుపు ఇంత, గీతలు ఈ దిక్కుకు. తన తలుపులకు అదే తగిలించి, మెట్ల కుర్రవాడికి ఫోన్ చేసింది.

"నీ టేకు తీసేసి నేను పంపిన టేకు ఫైలుకు లింకు పెట్టు. ఇక ఏ మార్పైనా ఆ ఫైలులోనే."

"నా టేకుకేం తక్కువక్కా?"

"తక్కువేం లేదు నాయనా. కుంపట్లే ఎక్కువయ్యాయి. ఒక ఇంట్లో మూడు వేరు కుంపట్లా?"

అవతల నవ్వు వినబడింది. బల్లల అమ్మాయి మారుమాట లేకుండా మార్చేసింది.

కమిటీ తెరమీదికి వచ్చే ముందు "దగ్గినా ఊరుకోను" అని నన్ను కెమెరాకు అందని మూలకు నెట్టింది. అధ్యక్షుడు గారు కళ్లజోడు ఎత్తీ దించీ చూశారు.

"బాగుంది. చెక్క ఇంకాస్త ముదురుగా ఉంటే?"

తెరమీద ఇంకో గడిలో ఉన్న ఆఫీసు పెద్ద ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. "అంటే, మళ్లీ వారానికి..." అని నసిగాడు.

ఈ పిల్ల అప్పటికే ఆ టేకు ఫైలు ఒక్కచోట రంగు మార్చి, లింకులు మళ్లీ తెరిచింది. మెట్లు ముదిరాయి. తలుపులూ బల్లలూ ముదిరాయి.

"అన్నీ మారాయే!"

"అన్నీ ఒకే టేకండి."

"మెట్ల పైనుంచి చూపించగలరా?"

చూపించింది. అక్కణ్ణుంచీ అదే టేకు. నా నోరు ఆగలేదు, "భలే!" అనేశాను.

"ఎవరది?"

"మా ఎదురింటి పెద్దమ్మండి. నా ప్రతి గోడకూ మొదటి తనిఖీ ఆవిడే."

అధ్యక్షుడు గారు నవ్వి, పని మొదలుపెట్టమన్నారు. కమిటీ వెళ్లాక ఆఫీసు పెద్ద గొంతులో తేనె కారింది. "రేపొచ్చి ఈ పద్ధతి అందరికీ నేర్పాలమ్మా."

"నేర్పుతాను సార్. లైబ్రరీ నక్షాల మీద మాత్రం ముందు నా పేరు ఉండాలి."



"సరే, ముందు నీ పేరే వేసుకో" అన్నాడు.