వేసినవారి గడిలో పేరు

మా ఆసుపత్రిలో ఎవరి జబ్బేమిటో డాక్టర్లకు తెలుసు. ఎవరి జీతమెంతో నాకు తెలుసు. జీతాల సెక్షన్‌లో పంతొమ్మిదేళ్ళుగా కూర్చున్నవాణ్ణి. మనిషి ఎదురుపడితే ముందు అంకె గుర్తొస్తుంది, తర్వాత మొహం. ఇదేం మంచి అలవాటు కాదని మా ఆవిడ అంటుంది. నిజమే.

లెక్క సులువుగా ఉండటానికి, రెండేళ్ళ కోర్సు చదివిన సహాయ నర్సుకు చేరినప్పుడు ఇచ్చే జీతం పది అనుకోండి. మూడేళ్ళ డిప్లొమా వాళ్ళకు పదిహేడు, నాలుగేళ్ళ డిగ్రీ వాళ్ళకు ఇరవై నాలుగు. పిల్లల వార్డులో ఉండే ఒక సహాయ నర్సుకు ఇరవై ఒక్క ఏళ్ళ ఇంక్రిమెంట్లన్నీ కలుపుకున్నా వచ్చేది పదమూడే. నిన్నగాక మొన్న చేరిన డిగ్రీ పిల్ల మొదటి నెలే ఆమెను దాటేసేది.

ఆమెను అందరూ సూదక్క అనేవాళ్ళు. నరం దొరకని చంటిపిల్లకైనా సెలైన్ సూది ఒక్క పోటుతో వేసేది. డిగ్రీ సిస్టర్లు రెండుసార్లు పొడిచి, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, "సూదక్కను పిలవండి" అని కేకేసేవాళ్ళు. ఆమె వచ్చి ఆ చిన్న చేతిని తన అరచేతిలో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చునేది. తర్వాత వేలితో ఒకసారి తడిమేది. అంతే, సూది లోపల ఉండేది.

వార్డు రిజిస్టర్‌లో ప్రతి సూదికీ రెండు గడులుంటాయి. ఒకటి వేసినవారిది, ఒకటి పర్యవేక్షించినవారిది. సిస్టర్ పక్కనుంటే సహాయ నర్సు కూడా సూది వేయవచ్చు, మొదటి గడిలో తన పేరు రాసుకోవచ్చు. కానీ వార్డులో ఒక అలవాటు పాతుకుపోయింది. సూదక్క సూది వేసి, చేతులు కడుక్కుని, పక్కబట్టలు మార్చడానికి వెళ్ళిపోయేది. మొదటి గడిలో సిస్టర్ తన పేరు రాసుకునేది. సొమ్మొకడిది సోకొకడిది. ఎవరికీ దురుద్దేశం లేదు, తొందర ఉంది.

నాలుగేళ్ళ మా పాపకు కూడా ఆమే వేసింది, నేను కళ్ళారా చూశాను. రిజిస్టర్‌లో వేరే పేరు పడటం కూడా చూశాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను.

ఏటా ఒక సహాయ నర్సును పూర్తి జీతంతో డిప్లొమా చదవడానికి పంపుతారు. వయసు నలభై అయిదు దాటకూడదు, గడిచిన ఏడాది తన పేరు మీద కనీసం యాభై సూదులుండాలి. సూదక్క దరఖాస్తు పట్టుకుని వచ్చేసరికి ఆమెకు నలభై నాలుగు నిండాయి. భర్త ఇంట్లోనే బట్టలు కుడతాడు. చూపు మందగించింది. ఆయన సూదిలో దారం ఎక్కించేది కూడా ఈమే. కుట్టుపని సగానికి పడిపోయింది, పదమూడుతో ఇల్లు గడవడం లేదు.

సూదుల లెక్క తీసి ఫైలు పంపేది మా సెక్షనే. వార్డు రిజిస్టర్లు తిరగేశాను.

"అక్కా, నీ పేరు మీద ఒక్కటీ లేదు."

"ఒక్కటీనా?" అని నవ్వింది. "మీ పాపకు వేసింది నేనే కదా సార్?"

"అవును."

"మరి అది రాయండి."

"రిజిస్టర్‌లో ఉన్నదే రాయాలక్కా."

నాకు సిగ్గేసింది. సిగ్గుపడుతూనే సున్నా వేశాను.

మర్నాటి నుంచి సూదక్క సూది వేశాక చేతులు కడుక్కుని, నేరుగా బల్ల దగ్గరికొచ్చి నిలబడటం మొదలుపెట్టింది.

"నేను రాస్తాలే అక్కా, నువ్వెళ్ళు" అంది డిగ్రీ సిస్టర్.

"ఇన్నేళ్ళూ నువ్వే రాశావు కదమ్మా, చెయ్యి నొప్పెట్టి ఉంటుంది. ఆ పెన్ను ఇటివ్వు."

నోట్లో నాలుక లేని మనిషనుకున్న ఆమె ఆ మాట అనేసరికి సిస్టర్ పక్కకు జరిగింది. పెన్ను ఇచ్చింది.

మరుసటి ఏడు మళ్ళీ దరఖాస్తు వచ్చింది, మళ్ళీ నేనే లెక్కపెట్టాను. సూదక్కవి మూడు వందల పన్నెండు. మిగతా అయిదుగురు సిస్టర్లవీ కలిపితే నలభై ఏడు. తప్పు చూశానేమోనని రెండోసారి లెక్కపెట్టి, సంతోషంగా ఫైలు పైకి పంపాను.

వారం తిరగకుండా ఫైలు వెనక్కొచ్చింది. వార్డు బాధ్యత చూసే పెద్ద సిస్టర్ దాని మీద రాసింది: "సూదులు వేయడంలో ఈమెను మించినవారు వార్డులో లేరు. ఈమె లేకపోతే పని నడవదు. పంపడం కుదరదు." నిరుడు సున్నా అడ్డమైంది, ఈసారి మూడు వందల పన్నెండు అడ్డమైంది. వచ్చే ఏడు వయసు దాటిపోతుంది.

ఏడుస్తుందనుకున్నాను. సూదక్క ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"ఇది పెద్ద సిస్టర్ సంతకమేనా సార్?"

"అవునక్కా."

"ముద్ర కూడా వేశారే."

"వేశారు."

"దీనికో జిరాక్స్ ఇప్పించండి."

ఫైల్లో కాగితం బయటికివ్వకూడదు. రెండు కాపీలు తీయించి ఇచ్చాను.

మూడో వారంలో రాజీనామా తెచ్చింది. వీధికి అవతల ఉన్న ఆసుపత్రివాళ్ళు ఆ జిరాక్స్ చూసి, ఇంకే అనుభవపత్రమూ అడగలేదట. జీతం పద్దెనిమిది ఇస్తామని, డిప్లొమా చదివిస్తామని కాగితం మీద రాసిచ్చారట. ఆమె లెక్కంతా ఆ పూటే తేల్చి పంపాను. ఏ కాగితమూ నా బల్ల మీద ఆగలేదు.

నెలాఖరుకు పెద్ద సిస్టర్ దగ్గర నుంచి ఖాళీ భర్తీ కాగితం వచ్చింది. నరం దొరకని పిల్లలకు సూది వేయగలిగినవారు కావాలి, డిగ్రీ తప్పనిసరి, ఒకరితో సరిపోదు కాబట్టి ఇద్దరిని ఇవ్వాలి అని రాసి, జీతం గడి నాకు వదిలింది. అందులో ఉన్న పాత పదమూడు కొట్టేసి, ఇద్దరికీ కలిపి నలభై ఎనిమిది అని రాసి పంపాను.