మా బావ కుర్చీ వేసుకున్న గోలు

మా మేనకోడలు ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఆడుతుందంటే మా ఊరు గూడూరులో చాలామంది ఆమె ఆస్ట్రేలియా వెళ్లిందనుకున్నారు. నిజానికి వెళ్లింది హన్మకొండ కాలేజీకి. కబడ్డీ ఆడే పిల్ల, అక్కడ కోచ్ చేతిలో కోడిగుడ్డు ఆకారపు బంతి చూసి అటు తిరిగింది. మా చుట్టుపక్కల ఆ ఆట ఆడిన మొదటి మనిషి ఆమే. బంతిని తన్నవచ్చు, పట్టుకోవచ్చు, పట్టుకున్నవాళ్లను పడేయనూవచ్చు.

"ఇగ దీంట్ల చెయ్యరాని పని ఏముందే?" అని మా అక్క అడిగింది.

"చేత్తోని ఇసరద్దమ్మా. పిడికిలితోని గుద్దాలె."

మా బావకు మానుకోటలో ఎరువుల దుకాణం ఉంది. చదువు అయ్యాక కూతురు అందులో కూర్చోవాలని ఆయన కోరిక. వాదించి వాదించి చివరికి ఒక మాటకు వచ్చాడు. "మన ఊళ్లె, నా కండ్ల ముందల ఆడు. ఒక్క గోలు కొట్టు, నేనేమనను. కొట్టకపోతే తెల్లారి దుకాణం తాళాలు నీ చేతికే."

లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ని కనుక స్కోరు నాకు అప్పగించారు. మైదానం కూడా కోడిగుడ్డు ఆకారంలోనే ఉండాలట. కోసిన పొలంలో రెండు మేకులు పాతి, తాడు వదులుగా కట్టి, దాన్ని సాగదీసుకుంటూ చుట్టూ సున్నం పోశాను. గోలు గుంజల పని మా బావ తీసుకున్నాడు. ఒక్కో వైపు నాలుగు గుంజలు వరుసగా నిలబెట్టాలి. ఆయన టెంటు సామాను అద్దెకిచ్చే అతనికి ఫోన్‌లో "అటు నాలుగు, ఇటు నాలుగు" అని మాత్రం చెప్పాడు. నాలుగు గుంజలంటే మా దగ్గర పందిరే. పొద్దున వెళ్లేసరికి రెండు వైపులా చక్కని చదరపు పందిళ్లు, పైన పచ్చటి పరదాలు. హన్మకొండ నుంచి రెండు జట్లను తీసుకొచ్చిన కోచ్ కాసేపు నవ్వి, ముందరి రెండు గుంజల మధ్య గీత గీయించాడు. తన్నిన బంతి గీత దాటితే ఆరు. దాటకముందే ఎవరి చెయ్యి తగిలినా ఒకటి.

మా బావ ఒక పందిట్లో కుర్చీ వేసుకున్నాడు.

"బావా, అది గోలు."

"గోలైతే ఏంది, నీడ లేదా?"

"బంతి తగులుతది."

"మీ కోడలు కొడితే గద బామ్మర్దీ, తగిలేది!"

నిజమే, ఆమె తన్నినవన్నీ పక్క మిరపచేలోకే పోయాయి. ఆట ముగియబోతుండగా ఎదుటి పిల్ల భుజం మీదుగా ఎగిరి బంతి అందుకుంది. నాలుగడుగులు వెనక్కి వేసి తన్నింది. బంతి నేరుగా పందిట్లోకి వెళ్లింది. మా బావ ఎరువు బస్తా అందుకున్నట్టు రెండు చేతులా పట్టేశాడు.

"పట్టిన! చెయ్యి తగిలింది! ఒకటే, ఆరు కాదు!"

మేనకోడలు రొప్పుతూ వచ్చింది. "మామా, నువ్వే చెప్పు."

నేను గీతను, కుర్చీని చూశాను. "బావా, కుర్చీ గంత లోపలికి ఎవరు జరిపిండ్రు?"

"నేనే. ఎండ కొడుతుండె."

"మరి బంతి గీత దాటినంకనే నీ చేతులకొచ్చింది. ఆరు."

ఆయన కూడా గీతను చూశాడు, తలపైని పరదాను చూశాడు. "ఎండలనే కూసుంటే మంచిగుండు," అన్నాడు.

కూతురు బంతి కోసం చేతులు చాచింది. ఆయన విసరబోయి ఆగాడు. బంతిని ఎడమ అరచేతిలో పెట్టుకుని పిడికిలితో గుద్దాడు. జేబులో తాళాల గుత్తి గల్లుమంది, బంతి మిరపచేలో పడింది.

"గిట్లనేనా బిడ్డా?"

"గుద్దుడు గిట్లనే బాపూ. జర నా దిక్కు చూసి గుద్దు."