మద్దిలేటన్న రాసిన జవాబు

శాసనసభలో ఎవరైనా మా జిల్లాలోని కొళాయి గురించి ప్రశ్న వేస్తే, దాని జవాబు నంద్యాలలో మా ఆఫీసు బల్ల మీదే పుడుతుంది. "రుద్రవరం దగ్గర ఫలానా పల్లెలో నీళ్లు రావడం లేదన్నది వాస్తవమేనా? అయితే కారణాలేమిటి?" అని వాట్సాప్‌లో కాగితం వస్తుంది. మొదటిదానికి "కాదండి" అని రాస్తే చాలు. రెండోదానికి "ప్రశ్న ఉత్పన్నం కాదు", అంటే ఇంక అడగాల్సిన పనే లేదని రాసేసి టీకి పోవచ్చు. నేను చాలాసార్లు పోయాను.

ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చే మా సీనియర్ మద్దిలేటన్నకు ఆ మాటంటే ఒళ్లుమంట. ఒకసారి ఆ రుద్రవరం పల్లె ప్రశ్నకు నేను రాసింది చూసి, "కొళాయిని యాడ చూసినావబ్బీ? కుర్చీలోంచే కనపడిందా?" అన్నాడు.

మర్నాడు సెలవు పెట్టి, సద్ది కట్టించుకుని ఆ పల్లెకు పోయాడు. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం దాకా కొళాయి పక్కనే కూర్చున్నాడు. చుక్క రాలేదు. తిరిగొచ్చి "అవునండి" అని రాసి, పైపు ఎక్కడ పగిలిందో కూడా రాశాడు. ఆఫీసరు తల పట్టుకున్నాడు. అవునంటే పని చేయాలి మరి. పైపు మార్చక తప్పలేదు.

తర్వాతి సమావేశాల్లో అదే ప్రశ్న మళ్లీ వచ్చింది. అన్న మళ్లీ పోయాడు. కొళాయి దగ్గర ఒక ముసలామె ఆయన సీసా నింపి చేతికిచ్చింది.

"ఇంగ అడిగేదేముందప్పా, వస్తాండాయి కదా. తాగు."

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో మద్దిలేటన్న తన చేత్తో మొదటిసారి రాశాడు: ప్రశ్న ఉత్పన్నం కాదు.