ఏఎం ఆగిన సాయంత్రం

డాలస్ దగ్గర నేను నడిపే తెలుగు ప్రోగ్రామ్‌ని అందరూ ఎఫ్ఎంలో హాయిగా వింటే, మా స్టేషన్ ఇంజనీర్ అంకుల్ ఒక్కరే గరగరమనే ఏఎంలో వినేవారు. చిన్న రేడియో ఎప్పుడూ ఆయన చెవి దగ్గరే ఉండేది. ఏఎంలో వచ్చేదాన్ని తిరిగి వినిపించడానికే మా ఎఫ్ఎంకి లైసెన్స్. “అది మూగబోతే ఇదీ ఆగాల్సిందేనమ్మా” అనేవారు.

ఓ సాయంత్రం గాలివానకి ఏఎం ఆగిపోయింది. నేను మాట్లాడుతుండగానే ఆయన ఎఫ్ఎం కూడా కట్టేశారు. అంతలో బయట టోర్నడో సైరన్ మోగింది.

“ప్రాణాపాయమైతే హెచ్చరిక చెప్పొచ్చు. అంతవరకే” అంటూ ఆన్ చేశారు. హెచ్చరిక చదివాను. చివరి మాట పూర్తవగానే ఆపేశారు.

“అంకుల్, మా ఆయన పాపని తీసుకుని కార్‌లో వస్తున్నారు. ఫోన్ కలవట్లేదు. మన ఎఫ్ఎమ్మే పెట్టుకుని ఉంటారు. ఒక్క మాట చెప్పనివ్వండి.”

“సొంత కబుర్లు కుదరవమ్మా.”

నాకు ఒళ్లు మండింది. ఆయన మాత్రం రేడియోని చెవి నుంచి దించి బల్ల మీద పెట్టారు.

“ఏ రోడ్ మీద ఉన్నారు?”

చెప్పాను.

“ఆ రోడ్ మీద ఉన్నవాళ్లంతా కార్లు వదిలి దగ్గర్లో గట్టి బిల్డింగ్‌లోకి వెళ్లమని చెప్పు. అది హెచ్చరికే” అంటూ ఎఫ్ఎం మళ్లీ ఆన్ చేశారు.

చెప్పాను. ఆగకుండా మళ్లీ చెప్పాను. ఆయన వేలు స్విచ్ మీదే ఉంది, కానీ నొక్కలేదు.