అష్టభోగాల్లో పోయిన బావి

1936లో నేను మార్కాపురం సబ్ రిజిస్ట్రారు కచేరీ అరుగు మీద చాప వేసుకుని దస్తావేజులు రాసేవాణ్ణి. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని తాలూకాలో పేరు. ఆ పేరు నాకు కాస్త తలకెక్కిందని ఇప్పుడు ఒప్పుకోవడానికి మొహమాటం లేదు.

ఒకరోజు గొర్రెలు కాసుకునే చెన్నయ్య, పలకల వర్తకుడితో కలిసి వచ్చాడు. చుట్టరికం లేకపోయినా చెన్నయ్యను మామా అనేవాణ్ణి. అతని రెండెకరాల మెట్టలో పలకరాయి బయటపడింది. వర్తకుడు కొంటానన్నాడు. నేను అలవాటుగా సేల్ డీడ్, అంటే శాశ్వతంగా అమ్మే పత్రం, రాసేశాను. కొన్నేళ్లకు ఇచ్చి తిరిగి తీసుకునే లీజు అనేది ఒకటుందని చెప్పాలని తోచలేదు. అడగనిది చెప్పడం మా అరుగు మీద అలవాటు లేదు.

రాసింది చదివి వినిపించడం ఆచారం. "నిధి నిక్షేప జల తరు పాషాణ..." అంటూ అష్టభోగాల వరస రాగం తీసి చదివాను. భూమితోపాటు కొన్నవాడికి దక్కే ఎనిమిది రకాల హక్కులవి. చెన్నయ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడించి విన్నాడు. ఎంత మర్యాదస్తుడో అని మురిసిపోయాను. వేలిముద్ర పడింది.

ఎండలు ముదిరాక ఒక పొద్దున మళ్లీ వచ్చి అరుగు కింద నిలబడ్డాడు.

"అల్లుడా, ఆ వర్తకుడు చేనికి కంప వేసినాడు. గొర్రెల్ని బావికాడికి రానీడంలేదు. బావి నాదేనని వచ్చి చెప్పు."

"బావి కూడా ఇచ్చినావు కదా మామా."

"ఎవురు చెప్పినారు? నేను నేల అమ్మితిని. బావి మా నాయన తవ్వినాడు. అదెట్ల అమ్ముతా?"

"జల అంటే అదే. నీకు చదివి వినిపించినాను గదా."

"అదా! పెండ్లిలో అయ్యోరు చదివే మంత్రం లాంటిదేమో అనుకుంటి. మంచి జరగాలని దండం పెట్టుకుంటి."

రిజిస్టరైన రాతను నోటిమాట కొట్టేయలేదు. అయినా వర్తకుడి దగ్గరికి వెళ్లి బతిమాలాను. కనీసం ఈజ్‌మెంట్, అంటే పరాయి నేలలో నీటికో దారికో ఉండే హక్కు, రాసివ్వమన్నాను.

"బావి ఉందనే కొన్నాను. రాయి కొట్టే కూలీలకు నీళ్లు వద్దా?" అన్నాడు. అతని మాటలో తప్పు పట్టడానికేం లేదు. గొర్రెలకు నీళ్లు తాపుకునే హక్కు చెన్నయ్యకు ఉంచుతూ మొదటే ఒక్క వాక్యం పత్రంలో పెట్టించి ఉంటే సరిపోయేది. పెట్టించాల్సినవాణ్ణి నేనే. ఆ ఎండల్లోనే చెన్నయ్య మందను దర్శి వైపు వాళ్లకు అమ్మేశాడు.

అప్పటినుంచి వేలిముద్రకు ముందు పత్రం మూసి పక్కన పెట్టి అడుగుతాను: "ఏమి ఇస్తున్నావు, ఏమి ఉంచుకుంటున్నావు? నీ మాటల్లో చెప్పు." చెప్పబోయి, మధ్యలో ఆగి, ముద్ర వేయకుండానే లేచి ఇంటికి పోయినవాళ్లున్నారు. అలాంటి రోజున నాకు రాతకూలి ఉండదు. తోటి లేఖరులు నవ్వుతారు, నవ్వనీ. నాకు ఈ బుద్ధి వచ్చేసరికి చెన్నయ్యకు మంద లేదు.