వేళ్ల తప్పు కాదు

మల్కాపురంలో నాకో చిన్న నెట్ సెంటర్ ఉంది. పొద్దున వేలిముద్రల మిషన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, అప్‌డేట్ చేశాను. తర్వాత రేషన్ కార్డు పనికి యారాడ నుంచి పైడమ్మ వచ్చింది. చేపలమ్ముకునే మనిషి. ఎన్నిసార్లు వేలు పెట్టినా మిషన్ తీసుకోలేదు.

"నా యేళ్లే అరిగిపోనాయి బాబూ. సేపలు కోసి కోసి ఇంకేటి మిగుల్తాది?" అంది.

"వేళ్లు కాదమ్మా, మిషన్‌దే తప్పు. కాసేపు కూర్చోండి."

నమ్మలేదు. "మరి కార్డు తీసేత్తారా?" అని అడిగి, వేళ్లు చూసుకుంటూనే వెళ్లిపోయింది.

పాత డ్రైవర్ మళ్లీ వేస్తే మిషన్ వెంటనే పనిచేసింది. అప్‌డేట్ చేయమని రోజూ పోరే కంప్యూటర్, చేశాక ఏది పాడైందో మాత్రం చెప్పదు.

ఆమె నంబరు నా దగ్గర లేదు. యారాడ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, పైడమ్మను రేపు రమ్మని చెప్తారా?